పన్నెండున్నర రాత్రి, రేవు పక్క వీధి: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒక పాత జర్మన్ పాటల సినిమా గురించి రాశాను. 1954లో వచ్చిన రంగుల సినిమా, పేరు 'అవుఫ్ డేర్ రేపర్‌బాన్ నాఖ్ట్స్ ఉమ్ హాల్ప్ ఐన్స్', అంటే 'రేపర్‌బాన్ వీధిలో రాత్రి పన్నెండున్నరకి'. ఆ సంచిక చూడని వాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. హానెస్ అనే నావికుడు ఏళ్లకేళ్లు సముద్రం మీద గడిపి హాంబర్గ్ రేవుకి తిరిగొస్తాడు. అతని పాత స్నేహితుడు పిట్టెస్ రేవు పక్క వీధిలో హిప్పోడ్రోమ్ అనే ఆటపాటల హోటల్ నడుపుతుంటాడు, వ్యాపారం బాగా దెబ్బతిని ఉంటుంది. పిట్టెస్ కూతురిగా పెరిగిన ఆనీ నిజానికి హానెస్ కూతురు. హానెస్‌గా హాన్స్ ఆల్బర్స్, పిట్టెస్‌గా హైన్స్ ర్యూమన్ వేశారు.

దాని మీద ఉత్తరాలు, మెసేజ్‌లు చాలా వచ్చాయి, అందులో సగానికి పైగా ఉత్తర చెన్నై నుంచే. రాయపురం, తండయార్‌పేట, మన్నడి వాళ్లకి హార్బర్ అంటే పరాయి మాట కాదు కదా. ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి జర్మన్ నేర్చుకుంటున్నాడు. 'హాల్ప్' అంటే సగం, 'ఐన్స్' అంటే ఒకటి అని చెప్పాడు. మీరేమో పన్నెండున్నర అని రాశారు. ఒంటిగంటన్నర కదా అవ్వాలి? అసలు రేపర్‌బాన్ అంటే ఏమిటండీ? (ఒక పాఠకుడు, తిరువొత్తియూరు)

జవాబు: అబ్బాయి చెప్పిన అర్థాలు రెండూ కరెక్టేనండీ, తేడా లెక్కలో ఉంది. మనం అయిపోయిన గంట పట్టుకుని దానికి అర కలుపుతాం, పన్నెండు దాటి ఇంకో అర, కాబట్టి పన్నెండున్నర. తమిళంలోనూ అంతే. జర్మన్లు రాబోయే గంట వైపు చూసి చెబుతారు, ఒంటిగంటలో సగం నడిచింది అని. గడియారంలో ముల్లు ఉండేది ఒకే చోట. జర్మనీ వెళ్లే పిల్లలు మొదటి నెలలో ఎవరినైనా కలవాల్సి వస్తే ఇక్కడే గంట తేడా చేసేస్తారు, అబ్బాయికి ఇప్పుడే గట్టిగా చెప్పి ఉంచండి.

ఇక రేపర్‌బాన్. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. అక్కడి ఉత్తరాది యాసలో 'రేప్' అంటే మోకు, ఓడలకి కట్టే లావు తాడు, 'రేపర్' అంటే దాన్ని పేనేవాడు. 'బాన్' అంటే బాట. కలిపితే మోకులు పేనేవాళ్ల బాట. తెరచాప ఓడలకి మోకులు చాలా పొడుగ్గా కావాలి, తాడు ఎంత పొడుగు కావాలో పేనే చోటు కూడా అంత పొడుగ్గా, వంకర లేకుండా ఉండాలి. నార ఒక చివర కొక్కేనికి తగిలించి, పేనే మనిషి చేతిలోంచి కొంచెం కొంచెం నార వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తూ పోతాడు. కొబ్బరి పీచు తాళ్లు పేనే వాళ్లని ఎప్పుడైనా చూసి ఉంటే మీకు వెంటనే కళ్ల ముందుకి వస్తుంది, వాళ్లదీ ఇదే వెనకడుగు. ఊరి లోపల అంత తిన్నని చోటు దొరకదు కాబట్టి గోడ బయట ఉన్న ఈ నేల వాళ్లకి దొరికింది. ఇవాళ్టికీ ఆ వీధి కిలోమీటరుకి కాస్త తక్కువగా, సాఫీగా ఉంటుంది. పేనడం ఎప్పుడో ఆగిపోయింది, పేరు ఆగలేదు. మన పగడాల వర్తకుల వీధి, చాకలిపేట లాగే.

మోకుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మద్రాసుకి హార్బర్ లేని రోజుల్లో ఓడలు దూరంగా నడి నీళ్లలో ఆగేవి. మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. ఆ పడవల పలకలని మేకులతో బిగించలేదు, కొబ్బరి తాళ్లతో కుట్టారు. అల కొట్టినప్పుడు విరగకుండా ఒంగడానికి. అక్కడా ఇక్కడా రేవు బతుకు తాడు మీదే ఆధారపడింది.

ప్రశ్న: ముప్పై రెండేళ్లు పోర్టులో చేసి రిటైరయ్యాను. ఏ రేవు పక్కన చూసినా తాగుడు, ఆటపాటలు, ఆడవాళ్ల వ్యాపారం ఉంటాయి. మరి ఆ ఒక్క వీధికే ఇంత పేరెందుకు వచ్చింది? ఇప్పటికీ అలాగే ఉందా? (ఒక పాఠకుడు, రాయపురం)

జవాబు: మీరన్నది నిజమే సార్, రేవు ఉన్న ప్రతి చోటా అది ఉంది. హాంబర్గ్‌లో అదనంగా ఉన్నది కోట గోడ. పాత హాంబర్గ్ చుట్టూ గోడ, చీకటి పడితే ద్వారాలు మూసేసేవారు, ఆలస్యంగా వచ్చినవాడు డబ్బు కట్టి లోపలికి పోవాలి. ఈ పద్ధతి 1860 చివరి దాకా నడిచింది. గోడకి అవతల, పక్క ఊరు అల్టోనాకి ఇవతల, మధ్యలో మిగిలిన నేలే రేపర్‌బాన్ ఉన్న జాంక్ట్ పౌలి పేట. అల్టోనా 1864 దాకా డెన్మార్క్ రాజు కింద ఉండేది. అంటే రెండు ఊళ్ల మధ్య ఎవరూ గట్టిగా పట్టించుకోని జాగా. ఊళ్లో వద్దనుకున్నవన్నీ, తిమింగలం కొవ్వు కాచే కంపు పనులూ, అంటురోగాల ఆస్పత్రీ, గారడీ వాళ్లూ, కల్లు దుకాణాలూ అక్కడికి తోశారు. ఓడ దిగిన కుర్రాడు జేబులో కొన్ని నెలల జీతంతో మొదట అడుగు పెట్టేది ఆ నేల మీదే. ఇక ఆ వీధికి పేరు రాకుండా ఎలా ఉంటుంది?

ఆ పక్కనే గ్రోసె ఫ్రైహైట్ అని ఇంకో వీధి, మాటకి 'పెద్ద స్వేచ్ఛ' అని అర్థం. బార్ల వల్ల ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. అల్టోనా పాలకులు వేరే క్రైస్తవ శాఖల వాళ్లకి అక్కడ గుడి కట్టుకునే స్వేచ్ఛ, సంఘాల్లో చేరకుండానే చేతిపని చేసుకునే స్వేచ్ఛ ఇచ్చారు, పేరు దానిది. క్యాథలిక్ చర్చి ఇప్పటికీ ఆ బార్ల మధ్యే ఉంది.

ఇప్పుడు ఉందా అంటే వీధి ఉంది, దీపాలు ఉన్నాయి, పర్యాటకులు కిటకిటలాడతారు. నావికులు లేరు. ఎందుకు లేరో నాకంటే మీకే బాగా తెలుసు. బస్తాలు, పెట్టెలు క్రేన్ గొలుసుతో దించే రోజుల్లో ఓడ రేవులో రోజుల తరబడి ఉండేది, మనిషికి నాలుగు రాత్రులైనా ఒడ్డున దొరికేవి. కంటైనర్ వచ్చాక ఆ రాత్రులు పోయాయి. హాంబర్గ్‌లో అది 1968 ప్రాంతంలో మొదలైంది, మన చెన్నై పోర్టులో కంటైనర్ టెర్మినల్ 1983లో వచ్చింది. మా నాన్న హార్బర్‌లో టాలీ క్లర్కుగా చేశారు. బీచ్ స్టేషన్ దగ్గర సాయంత్రం పూట గుంపులుగా కనిపించే తెల్ల యూనిఫారాలు, గ్రీకు మాటలు, రష్యన్ మాటలు ఒక్కసారిగా మాయమైపోయాయని చెప్పేవారు. 1954 సినిమాలో హానెస్ ఓడ దిగి తీరిగ్గా ఊరంతా తిరుగుతాడే, ఆ తీరికే ఇప్పుడు లేనిది.

ప్రశ్న: సినిమా పేరూ పాట పేరూ ఒకటేనా? హీరో మెళ్లో వేసుకుని వాయించే పెట్టె మన హార్మోనియం లాంటిదేనా? (ఒక విద్యార్థిని, పెరంబూరు)

జవాబు: పాట ముందు, సినిమా తర్వాత. పాట రాల్ఫ్ ఆర్థర్ రాబర్ట్స్ రాసినది, 1912లో స్టేజీ కోసం. అంటే సినిమా తీసేనాటికి పాట వయసు 42 ఏళ్లు, అప్పటికే తాతలకీ మనవలకీ వచ్చిన పాట. పేరు చూడగానే జనం నోట్లో రాగం ఆడాలని సినిమాకి అదే పెట్టారు.

ఆ పెట్టె అకార్డియన్. జర్మన్లు ముద్దుగా 'నావికుడి పియానో' అంటారు. హార్మోనియానికి దగ్గరి చుట్టమే, రెండింట్లోనూ గాలి పోతుంటే సన్నటి లోహపు రేకులు, అంటే రీడ్లు, కంపించి పలుకుతాయి. అకార్డియన్‌కి వియన్నాలో 1829లో పేటెంట్ వచ్చింది, హార్మోనియానికి పారిస్‌లో 1840ల మొదట్లో. మన నాటక సమాజాల్లో హార్మోనిస్టులు 'జర్మన్ రీడ్స్' అంటే కళ్లకద్దుకునేవారు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కోడంబాక్కం రికార్డింగుల్లో అకార్డియన్ ఎంత వాడారో చెప్పక్కర్లేదు.

అయితే ఈ పాటనీ ఆల్బర్స్‌నీ కలిపింది ఈ సినిమా కాదు, దానికి పదేళ్ల ముందు వచ్చిన ఇంకోటి. హెల్ముట్ కోయ్ట్నర్ తీసిన 'గ్రోసె ఫ్రైహైట్ నంబర్ 7'. అందులోనూ హీరో పేరు హానెస్సే, అందులోనూ హిప్పోడ్రోమ్ ఉంది, అందులోనూ ఓడ మానేసిన నావికుడు పాటలు పాడి పొట్టపోసుకుంటాడు. రెండూ చూసిన మనిషిగా చెబుతున్నాను, మొదటిదే గొప్ప సినిమా. 1943లో బెర్లిన్‌లో మొదలుపెట్టారు, మీద బాంబులు పడుతుంటే స్టూడియోని వదిలి ప్రాగ్‌కి వెళ్లి పూర్తి చేశారు. తీరా చూస్తే అందులో నావికులు తాగుతారు, ఏడుస్తారు, ప్రేమలో ఓడిపోతారు. జర్మన్ నావికుడు ఇలా ఉండడు అని నేవీ పెద్దలు అభ్యంతరం చెప్పారు, హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ జర్మనీలో ఆడనివ్వలేదు. 1944 డిసెంబరులో ప్రాగ్‌లో విడుదలైంది, జర్మన్లు తమ ఊళ్లో చూసింది యుద్ధం అయిపోయాక 1945 సెప్టెంబరులో. 'లా పలోమా' అనే పాత స్పానిష్ పాటకి అందులో ఆల్బర్స్ పాడిన జర్మన్ మాటలు వినండి, భాష రాకపోయినా ఆ గొంతులో ఉన్నది అర్థమవుతుంది. అందులో కనిపించే నాలుగు స్తంభాల తెరచాప ఓడ పేరు పాడువా, 1926లో కట్టారు. యుద్ధం తర్వాత సోవియట్ వాళ్లకి వెళ్లిపోయింది, పేరు మార్చుకుని క్రూజెన్‌ష్టెర్న్‌గా శిక్షణ ఓడ అయింది.

ప్రశ్న: మీరు రాసింది చదివి సినిమా చూశాను, నచ్చలేదు. 1943లో హాంబర్గ్ కాలి బూడిదైందని మీరే అన్నారు. పదకొండేళ్లకే అదే ఊళ్లో సినిమా తీసి ఒక్క ముక్క ఆ విషయం ఎత్తకుండా పాటలు, స్మగ్లర్లు, పెళ్లి గొడవలు. జనాన్ని మభ్యపెట్టడం కాదా ఇది? (ఒక ఐటీ ఉద్యోగి, వేళచ్చేరి)

జవాబు: మీ కోపం నాకు నచ్చింది, ఎందుకంటే మొదటిసారి చూసినప్పుడు నాకూ అదే వచ్చింది. నుంగంబాక్కంలో జర్మన్ నేర్చుకునే రోజుల్లో ఒక చిన్న గదిలో పదిమందిమి కూర్చుని చూశాం, అయిపోయాక అందరం మీరన్న మాటే అన్నాం. 1943 జూలై చివరి రాత్రుల్లో ఆ ఊళ్లో 30 వేల మందికి పైగా పోయారు. మంటలే సుడిగాలి అయ్యాయి. సినిమాలో ఆ ఊసు లేదు.

కానీ ఆ తర్వాత ఒక సంగతి తెలిసి, సినిమాని మళ్లీ వెతుక్కుని చూశాను. వుల్ఫ్‌గాంగ్ బోర్షెర్ట్ అని హాంబర్గ్ కుర్రాడు, 1921లో పుట్టాడు, యుద్ధానికి వెళ్లి ఒళ్లు పూర్తిగా పాడైపోయి తిరిగొచ్చాడు. మంచం మీద పడి ఒక నాటకం రాశాడు, పేరుకి 'తలుపు బయట' అని అర్థం. బెక్‌మన్ అనే సైనికుడు సైబీరియా చెరలోంచి ఇంటికొస్తాడు. ఇంట్లో భార్య పక్కన వేరే మనిషి. వెళ్లి ఎల్బె నదిలో దూకుతాడు. నది కూడా వద్దు పొమ్మని ఒడ్డుకి తోసేస్తుంది. ఆ తర్వాత కొట్టిన ప్రతి తలుపూ మూసుకుంటుంది. ఈ నాటకం 1947 నవంబరు 21న హాంబర్గ్‌లో మొదటిసారి స్టేజీ ఎక్కింది. దానికి ముందు రోజే బోర్షెర్ట్ చనిపోయాడు, 26 ఏళ్లకి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాటకాన్ని 1949లో 'లీబె 47' పేరుతో సినిమాగా తీసిన దర్శకుడు వుల్ఫ్‌గాంగ్ లీబెనైనర్. అయిదేళ్ల తర్వాత మన పాటల సినిమా తీసిందీ అతనే. మొదటిది జనం పెద్దగా చూడలేదు. రెండో దాంట్లో అదే ఊరు, అదే నది, చాలా ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషి. ఈసారి తలుపు తీసి లోపలికి రమ్మనే స్నేహితుడు ఉన్నాడు. ఇది తెలిశాక ఆ మొదటి రీలు నాకు పూర్తిగా వేరేగా కనిపించింది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావు అని అడగని స్నేహితుడు ఆ ఏడాది ఎంతమందికి కావాలో ఆలోచించండి. చెరలో ఉన్న జర్మన్ సైనికుల్లో ఆఖరి వాళ్లు రష్యా నుంచి ఇంటికి చేరింది 1956లో, అంటే ఈ సినిమా ఆడేటప్పటికి ఇంకా ఎదురుచూస్తున్న ఇళ్లు ఉన్నాయి.

ఇంకొకటి. ఆల్బర్స్, ర్యూమన్ అంతకు ముందు 1931లో ఒకసారి, 1937లో ఒకసారి జంటగా వేశారు, రెండూ హుషారైన సినిమాలు. పదిహేడేళ్ల తర్వాత మళ్లీ కలిసి తెర మీదికి వచ్చేసరికి ఆల్బర్స్‌కి 60 దాటాయి, ర్యూమన్‌కి 52. ముఖాలు మారాయి. హాల్లో కూర్చున్న వాళ్లకి ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ల మొహాలూ అలాగే మారాయి కదా. ఇద్దరు ముసలి స్నేహితులు ఎదురెదురుగా నిలబడినప్పుడు సినిమా ఎత్తని మాట హాల్లోనే ఉంది.

అంతమాత్రాన మీరన్నది తప్పని అనను. స్మగ్లింగ్ భాగం నాకూ బోరే. అసలు నిజాన్ని ఎత్తకపోవడం కూడా తప్పే, ముఖ్యంగా తాము ఇతరులకి చేసినదాని గురించి అప్పటి సినిమాలు దాదాపు నోరు తెరవలేదు. 1956లో పశ్చిమ జర్మనీలో ఒక్క ఏడాదిలో 80 కోట్లకు పైగా సినిమా టికెట్లు అమ్ముడయ్యాయి, అందులో ఎక్కువ భాగం పాటలు, పచ్చిక బయళ్లు, నవ్వుల సినిమాలకే పోయి ఉంటుంది. మభ్యపెట్టారు అని మీరంటున్నారు. ఒళ్లంతా గాయమున్న మనిషి ఎటు తిరిగి పడుకోవాలో తెలియక ఒక వైపుకి ఒత్తిగిల్లినట్టు నాకనిపిస్తుంది. ఇంకోసారి ఆ ఇద్దరు కలిసిన సీను వరకు మాత్రం చూడండి, అప్పటికీ నచ్చకపోతే మళ్లీ రాయండి.

ప్రశ్న: ఆ నటులు, దర్శకుడు హిట్లర్ కాలంలోనూ సినిమాలు చేశారట. అలాంటి వాళ్లని మెచ్చుకోవచ్చా? (ఒక పాఠకురాలు, టీ నగర్)

జవాబు: చేశారు. ముగ్గురినీ ఒకే గాటన కట్టకూడదు, అలాగని ఎవరినీ పూర్తిగా వదిలేయనూ కూడదు.

ఆల్బర్స్ జీవిత సహచరి హాన్సీ బుర్గ్ యూదు కుటుంబం మనిషి. వాళ్ల నాన్న ఓయ్‌గెన్ బుర్గ్ కూడా నటుడే, నాజీలు యూదులని బంధించిన థెరేసియన్‌ష్టాట్ శిబిరంలో 1944లో చనిపోయారు. ఆల్బర్స్ బయటికి ఆమెతో విడిపోయినట్టు చూపించి కలిసే ఉన్నాడు, చివరికి ఆమె దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1946లో తిరిగొచ్చింది, అతను పోయేదాకా కలిసే ఉన్నారు. అదే ఆల్బర్స్ ఆ ప్రభుత్వం కోరుకున్న సినిమాల్లోనూ వేశాడు, డబ్బూ పేరూ బాగానే సంపాదించాడు. ర్యూమన్ మొదటి భార్య యూదు మహిళ, 1938లో విడాకులు తీసుకున్నాడు. ఆమె స్వీడన్ వెళ్లి బతికింది. లీబెనైనర్ విషయం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. 1941లో అతను తీసిన ఒక సినిమా, నయంకాని రోగిని చంపడం దయే అన్నట్టు నడుస్తుంది. ఆ సమయానికి అక్కడ మానసిక రోగులనీ, వికలాంగులనీ ప్రభుత్వమే చంపుతోంది.

మెచ్చుకోవచ్చా అంటే, అమ్మా, నేను ఆల్బర్స్ పాటని మెచ్చుకుంటాను, ఆ పాట వింటున్నప్పుడు ఈ సంగతులు మర్చిపోను. రెండూ ఒకే బుర్రలో పెట్టుకోవడం ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది పడటమే సరైన పని అని నా నమ్మకం.

ప్రశ్న: మొదటి యుద్ధంలో మద్రాసు మీద గుండ్లు వేసిన ఎమ్డెన్ ఓడ హాంబర్గ్ నుంచి వచ్చిందా? (ఒక పాఠకుడు, మన్నడి)

జవాబు: లేదండీ. ఎమ్డెన్ అనేది జర్మనీలో ఇంకో రేవు ఊరు, ఓడకి దాని పేరు పెట్టారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి అది మన హార్బర్ దగ్గరికి వచ్చి చమురు ట్యాంకులు తగలబెట్టి పోయింది. హైకోర్టు గోడకి పలక ఉంది, అటు వెళ్తే చూడండి. గడుసువాణ్ని 'ఎమ్డెన్' అనే మాట తమిళంలో ఎలా పాతుకుందో మీకు తెలుసు. కాకతాళీయంగా ఆ రోజు హాన్స్ ఆల్బర్స్ 23వ పుట్టినరోజు, అతను 1891 సెప్టెంబరు 22న హాంబర్గ్‌లో ఒక మాంసం కొట్టు యజమాని ఇంట్లో పుట్టాడు. 1960 జూలై 24న పోయాడు. అదే ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి అయిదుగురు కుర్రాళ్లు వచ్చి గ్రోసె ఫ్రైహైట్‌లో ఒక క్లబ్బులో వాయించడం మొదలుపెట్టారు, వాళ్ల బ్యాండు పేరు బీటిల్స్.

ప్రశ్న: మా నాన్న సరుకు ఓడల్లో కళాసీగా ఇరవై నాలుగేళ్లు చేశారు. పది నెలలకోసారి వచ్చి రెండు మూడు నెలలు ఉండేవారు. మమ్మల్ని పెంచింది మా పెదనాన్న. చిన్నప్పుడు నేను పెదనాన్ననే నాన్న అని పిలిచేదాన్నట. ఫీజులు, జ్వరాలు, నా పెళ్లి, అన్నీ ఆయనే చూశారు. పోయిన ఏడాది పెదనాన్న పోయారు. మా నాన్న ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, అప్పట్నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు, వరండాలో కూర్చుంటారు. నాకు ఆయన మీద కోపంగా ఉంది. మీరు ఆ సినిమా కథ రాసినప్పట్నుంచి మరీ ఎక్కువైంది. నాకు నాన్న అంటే పెదనాన్నే అని ఆయన మొహం మీద చెప్పేయాలనిపిస్తోంది. చెప్పనా? (ఒక పాఠకురాలు, తండయార్‌పేట)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు రోజులు నా బల్ల మీదే ఉంది.

ముందు మీ కోపం గురించి. అది న్యాయమైనదే. ఆ సినిమాలో నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం ఒకటుంది, పాటలన్నీ హానెస్‌వి, అప్పులన్నీ పిట్టెస్‌వి. హానెస్ వస్తే వీధంతా వెలిగిపోతుంది, అందరూ అతని చుట్టూ మూగుతారు. ఆ పిల్ల జ్వరం రాత్రుల్లో మేలుకుని ఉన్నది మాత్రం పక్కన సణుక్కుంటూ లెక్కలు చూసుకునే ఆ బక్క మనిషి. చూసేవాళ్లు కూడా ఆల్బర్స్ పాటే గుర్తుపెట్టుకుంటారు. మీ ఇంట్లోనూ సెంట్లు, గడియారాలు, చాక్లెట్లు తెచ్చింది మీ నాన్న అయి ఉంటారు, రేషన్ క్యూలో నిలబడింది మీ పెదనాన్న అయి ఉంటారు. పెదనాన్నే నాన్న అని మీరనుకోవడంలో తప్పేమీ లేదు. ఆయనకి దక్కాల్సిన మాటే అది.

అయినా మొహం మీద చెప్పొద్దు అంటాను. ఆయనకి ఆ సంగతి తెలుసమ్మా. చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి తనని దాటి అన్నయ్య కాళ్లకి చుట్టుకుంటే ఏ మనిషికైనా తెలుస్తుంది. ప్రతి సెలవులోనూ తెలిసి ఉంటుంది, తెలిసీ మళ్లీ ఓడ ఎక్కి ఉంటారు, ఎందుకంటే ఫీజులకి పెదనాన్న చేతిలోంచి వెళ్లిన డబ్బు ఆ ఓడలోంచే వచ్చింది.

కన్నీళ్లు పెట్టలేదు అన్నారు. ఈ మాట దగ్గర ఇంకొంచెం ఆగుదాం. పిట్టెస్ లేని హాంబర్గ్‌కి హానెస్ వస్తే ఏమవుతుంది? రేవు ఉంటుంది, వీధి ఉంటుంది, దీపాలు ఉంటాయి. కొట్టడానికి తలుపు ఉండదు. ఇరవై నాలుగేళ్ల పాటు మీ నాన్న ఏ దేశంలో ఉన్నా ఇల్లు నిలబడే ఉంటుందని ధైర్యంగా నిద్రపోయింది ఒక్క మనిషి ఉన్నాడన్న నమ్మకంతో. ఆ మనిషి పోయాడు. మీకు పెంచిన తండ్రి పోయాడు. ఆయనకి ఇంటికి తిరిగొచ్చే దారే పోయింది, సొంత ఇంటి వరండాలో కూర్చుని కూడా. పైగా అన్నకి బాకీ తీర్చకుండానే మిగిలిపోయానన్న బరువు ఒకటి ఉండి ఉంటుంది. అలాంటి మనిషికి ఏడవడం చేతకాకపోవచ్చు. ఓడల్లో మగవాళ్ల మధ్య చాలా ఏళ్లు బతికిన వాళ్లని మా నాన్న ద్వారా కొంతమందిని చూశాను, వాళ్లు మాటల దగ్గర చాలా పేదవాళ్లు. ఏడాదంతా ఇలా నోరు మూసుకుని కూర్చోవడం శరీరానికీ మంచిది కాదు, నిద్ర, తిండి ఎలా ఉన్నాయో చూసి ఒకసారి డాక్టరుకి కూడా చూపించండి.

మీ నాన్న దగ్గర సీడీసీ పుస్తకం ఉండే ఉంటుంది, ఓడల్లో పని చేసిన వాళ్లందరికీ ఇచ్చే చిన్న పుస్తకం. అందులో ప్రతి ప్రయాణానికీ ఓడ పేరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ఊరు రాసి ముద్ర వేసి ఉంటాయి. బీరువాలో అడుగున ఎక్కడో ఉంటుంది, వెతకండి. ఒక సాయంత్రం కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని అది తెరవండి. పెదనాన్న గురించి మీరు ముందుగా ఎత్తొద్దు. మీరు పుట్టిన సంవత్సరం ఉన్న పేజీ తీసి, ఆ ఓడ పేరు మీద వేలు పెట్టి, నేను పుట్టానని నీకు కబురు ఎక్కడ అందింది నాన్నా, ఎవరు పంపారు, అని అడగండి. టెలిగ్రామ్ ఎవరి పేరుతో వచ్చి ఉంటుందో మీకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన నోటితోనే ఆ పేరు రానివ్వండి.